గుడుపల్లె నుంచి రేవు దాకా: సరుకు దాటే సరిహద్దులు

సరుకు ఒక సరిహద్దు దాటేటప్పుడు ప్రభుత్వం తెలుసుకోవాలనుకునేవి ముఖ్యంగా మూడు విషయాలు. బండిలో ఉన్నది ఏ సరుకు, దాని విలువెంత, దానికి పన్ను కట్టారా అన్నది మొదటిది. ఆ సరుకును పంపడానికి గానీ తెప్పించుకోవడానికి గానీ చట్టం ఒప్పుకుంటుందా అన్నది రెండోది. తినే వస్తువైతే మనుషుల ఆరోగ్యానికి, మొక్కయితే ఇక్కడి పంటలకు హాని లేదని అధికారులు ధ్రువీకరించారా అన్నది మూడోది. ఈ ప్రశ్నలు అడగడం ఏ దేశమూ మానుకోలేదు, మానుకోదు కూడా. దేశానికీ దేశానికీ తేడా వచ్చేది వాటిని ఎక్కడ అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు, ఒకే ప్రశ్నను ఎన్ని శాఖలు ఎన్నిసార్లు అడుగుతాయి అన్న దగ్గరే. కస్టమ్స్ విధానాలను, సరిహద్దు వ్యాపార పద్ధతులను సులభం చేయడమంటే ఈ తీరును సరిదిద్దడం. పన్ను రేటు తగ్గించడం వేరే పని. రేటు ఉన్నది ఉన్నట్టే ఉన్నా, వసూలు చేసే పద్ధతి, తనిఖీ చేసే పద్ధతి మారితే వ్యాపారి ఖర్చు తగ్గుతుంది, ప్రభుత్వానికి రావలసిన రాబడీ వస్తుంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి చిత్తూరు జిల్లా కొసన ఉన్న గుడుపల్లె మండలం అనువైన చోటు. కుప్పం నియోజకవర్గంలోని ఈ మండలానికి ఒక పక్క కర్ణాటకలోని కోలారు జిల్లా, కుప్పం దాటి కొంచెం దూరం పోతే తమిళనాడు. గుడుపల్లె రైల్వే స్టేషన్ బెంగళూరు నుంచి జోలార్‌పేట మీదుగా చెన్నై పోయే ప్రధాన మార్గం మీదే ఉంది. ఈ చుట్టుపక్కల పండేదీ, తవ్వేదీ చాలావరకు ఎల్ల దాటి పోయే సరుకే. మదనపల్లె మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. అక్కడి మండీల నుంచి లారీలు పొరుగు రాష్ట్రాలకు పోతుంటాయి. కుప్పం, పలమనేరు వైపు రైతుల పట్టుగూళ్లకు కర్ణాటకలోని రామనగర పెద్ద మార్కెట్. తోతాపురి మామిడి జిల్లాలోని గుజ్జు పరిశ్రమలకు చేరి, డ్రముల్లోకి ఎక్కి, చెన్నై రేవు మీదుగా గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు వెళుతుంది. కుప్పం గ్రీన్ అనే పేరుతో ఇక్కడి గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఉంది. అంటే ఇక్కడి రైతు, వ్యాపారి, క్వారీ యజమాని దాటవలసిన ఎల్లలు రెండు రకాలు. ఒకటి రాష్ట్రాల మధ్య ఉన్నది, ఊరికి కూతవేటు దూరంలోనే ఉంటుంది. రెండోది దేశపు ఎల్ల. అది సుమారు 250 కిలోమీటర్ల దూరాన చెన్నై రేవులో, కస్టమ్స్ అధికారి కంప్యూటర్ తెర మీద ఉంటుంది.

ఈ రెండు ఎల్లల దగ్గరా సరుకు యజమాని మీద పడే భారం పన్ను ఒక్కటే కాదు. ఆగి ఉన్న లారీకి కిరాయి పెరుగుతుంది, రేవులో పడి ఉన్న కంటెయినర్‌కు అద్దె పెరుగుతుంది. అనుకున్న ఓడ తప్పితే తర్వాతి ఓడ దాకా సరుకు అక్కడే ఉంటుంది, డబ్బూ అక్కడే చిక్కుకుంటుంది. గ్రానైట్ దిమ్మె ఎండకు కరిగిపోదు గానీ టమాటాకు ఒక్క రాత్రి ఆలస్యం చాలు, ధర పడిపోవడానికి. ప్రపంచ బ్యాంకుతో సంబంధమున్న ఆర్థికవేత్తలు జాంకోవ్, ఫ్రాయిండ్, ఫామ్ 2010లో ప్రచురించిన పరిశోధనలో, సరుకు ఓడ ఎక్కేలోపు అదనంగా గడిచే ఒక్కో రోజూ ఆ దేశపు వ్యాపారాన్ని 1 శాతానికి పైగా తగ్గిస్తుందని తేల్చారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ నష్టం ఎక్కువ. కాగితాలు ఎక్కువ, శాఖలు ఎక్కువ, ప్రతి శాఖా విడిగా అడుగుతుంది. నిబంధన ఏమిటో ముందుగా తెలియనప్పుడు అధికారి మాటే నిబంధన అవుతుంది. పని జరగాలంటే చేయి తడపాలన్న పరిస్థితి అక్కడే మొదలవుతుంది.

సుంకాన్ని ముందే ప్రకటించి వర్తకుడికి భయం లేకుండా చేయడం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇచ్చింది. ఎగుమతి, దిగుమతుల మీద ముప్పయ్యింట ఒక వంతు సుంకమని రాతి మీద చెక్కించారు. తర్వాత 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ మరో శాసనం వేయించాడు. రేటు అందరికీ తెలిసేలా ఉండాలి, అధికారి ఇష్టానికి వదిలేయకూడదు అన్న ఈ నియమమే నేటి అంతర్జాతీయ ఒప్పందాల్లోనూ మొదటి అధికరణంగా కనిపిస్తుంది.

రేవులో ఒక్కసారి కట్టే సుంకం సంగతి అలా ఉంటే, దేశం లోపలి దారుల్లో సుంకాల సంగతి మరోలా ఉండేది. సరుకు కదిలే దారి పొడవునా చౌకీలు ఉండేవి. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఈ లోపలి రవాణా సుంకాలను బెంగాల్‌లో 1836లో, బొంబాయిలో 1838లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1844లో రద్దు చేసింది. అప్పటి ఉత్తర ఆర్కాటులోని కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఉన్న కడప ప్రాంతం కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలోని 301వ అధికరణం దేశమంతటా వ్యాపారం, వాణిజ్యం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని చెప్పింది. అయితే అమ్మకం పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు 1956లో కేంద్ర అమ్మకం పన్ను చట్టం వచ్చింది. పన్ను రాష్ట్రానికో రకంగా ఉన్నప్పుడు సరుకు నిజంగా ఎల్ల దాటిందా లేదా అన్నది తేల్చుకోవడం ప్రతి రాష్ట్రానికీ అవసరమైంది. చౌకీలు పోయిన చోట చెక్‌పోస్టులు వచ్చాయి.

తడ దగ్గర బి.వి. పాలెం, ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం, కర్నూలు దగ్గర పంచలింగాల, చిత్తూరు–వేలూరు దారిలో నరహరిపేట చెక్‌పోస్టులు లారీ డ్రైవర్లందరికీ పరిచయమైన పేర్లు. 2017కు ముందు అక్కడ జరిగే పని చెప్పుకుంటే చిన్నదే. సరుకు బిల్లు, వేబిల్లు చూపాలి. రాష్ట్రం మీదుగా మరో రాష్ట్రానికి పోయే బండి అయితే లోపలికి వచ్చేటప్పుడు ట్రాన్సిట్ పాసు తీసుకుని, బయటికి పోయే చెక్‌పోస్టులో అప్పగించాలి. అంతర్రాష్ట్ర అమ్మకానికి తక్కువ రేటు పన్ను వర్తించాలంటే కొన్న వ్యాపారి సి-ఫారం పంపాలి. ఆ ఫారం కోసం నెలల తరబడి ఎదురుచూసిన వ్యాపారులు ఎందరో. వాణిజ్య పన్నుల శాఖ తర్వాత రవాణా శాఖ, ఆ తర్వాత మార్కెటింగ్ శాఖ, కలప అయితే అటవీ శాఖ, రాయి అయితే గనుల శాఖ ఉండేవి. ఎల్ల దాటాక అవతలి రాష్ట్రంలో ఇదే వరస మళ్లీ మొదలయ్యేది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతంలో వంద కిలోమీటర్ల ప్రయాణంలోనే ఈ వరస రెండు సార్లు ఎదురయ్యేది.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమల్లోకి వచ్చింది. మొదటి మూడు రోజుల్లోనే 22 రాష్ట్రాలు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేశాయి. దీనికి కారణం దయ కాదు, పన్ను నిర్మాణమే మారిపోవడం. రాష్ట్రాల మధ్య అమ్మకం మీద ఐజీఎస్టీని కేంద్రం వసూలు చేసి, సరుకు వాడుకున్న రాష్ట్రానికి వాటా పంచుతుంది. అమ్మినవాడి లెక్కను, కొన్నవాడి లెక్కను కంప్యూటర్ జతపరుస్తుంది. బండిని ఎల్ల దగ్గర ఆపి చూసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. దాని బదులు 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లోపలి రవాణాకు అదే నెల 15 నుంచి అది అమలైంది. విలువ 50 వేల రూపాయలు దాటిన సరుకుకు యజమాని గానీ, రవాణాదారు గానీ బండి కదిలే ముందే వివరాలు నమోదు చేస్తారు. మొదట వంద కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉన్న గడువును 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజుగా మార్చారు. ఆ లెక్కన గుడుపల్లె నుంచి చెన్నైకి పోయే గ్రానైట్ లారీకి రెండు రోజుల గడువు దొరుకుతుంది. తాజా కూరగాయల వంటి పన్ను లేని సరుకుకు ఈ బిల్లు అక్కరలేదు కాబట్టి టమాటా రైతుకు ఆ బాదరబందీ లేదు.

ఈ-వే బిల్లు నిబంధనల్లో రెండు అంశాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. దారిలో ఒక చోట సరుకును భౌతికంగా తనిఖీ చేసి ఉంటే, పన్ను ఎగవేతపై నిర్దిష్ట సమాచారం ఉంటే తప్ప, ఆ రాష్ట్రంలో మళ్లీ ఆపి తనిఖీ చేయకూడదు. బండిని అరగంటకు మించి ఆపి ఉంచితే ఆ విషయాన్ని రవాణాదారు పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. తనిఖీ చేసే అధికారికి ఉన్నట్టే, తనిఖీకి గురైన డ్రైవరుకూ ఒక హక్కు రాతపూర్వకంగా ఉంది. నిబంధన కాగితం మీద ఉన్నంత మాత్రాన దారిలో అమలవుతుందని చెప్పలేం గానీ, హక్కు రాసి ఉండటం మొదటి మెట్టు.

వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు పోయినా ఎల్ల పూర్తిగా చెరిగిపోలేదు. పర్మిట్లు, బరువు, వాహన పన్ను చూసే రవాణా శాఖ తనిఖీలు చాలా రాష్ట్రాల్లో కొనసాగుతూ వచ్చాయి. పర్మిట్లు, ఫిట్‌నెస్ వివరాలు అన్నీ వాహన్ పోర్టల్‌లో కనిపిస్తున్నప్పుడు ఎల్ల దగ్గర కాగితం చూడటం దేనికన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. తెలంగాణ 2025లో రవాణా శాఖ చెక్‌పోస్టులను మూసివేసింది. వ్యవసాయ మార్కెట్ కమిటీల సెస్సు, గ్రానైట్‌కు గనుల శాఖ పర్మిట్ వంటివి ఇంకా ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ ఒక చట్టం, ఒక కారణం ఉన్నాయి. కాకపోతే అన్నిటికీ కలిపి ఒకే తనిఖీ సరిపోతుందా అన్నది ఏ ఒక్క శాఖకూ సొంత ప్రశ్న కాదు. సంస్కరణ ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

పన్నుతో సంబంధం లేకుండానే ఎల్ల ఎలా మూసుకుపోవచ్చో 2025 మామిడి కాలం చూపించింది. ఆ ఏడు తోతాపురి ధర బాగా పడిపోయింది. గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందాలని ఆంధ్రప్రదేశ్ నిర్ణయించింది. పక్క రాష్ట్రాల కాయ వచ్చి పడితే స్థానిక రైతు కాయ మిగిలిపోతుందన్న ఆందోళనతో జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి తోతాపురి రాకను నిషేధించి, ఎల్లల దగ్గర తనిఖీ బృందాలను నిలిపింది. చిత్తూరు పరిశ్రమలకే కాయ అమ్ముకునే కోలారు జిల్లా శ్రీనివాసపుర రైతులు ఇబ్బందిలో పడ్డారు. నిషేధం ఎత్తివేయాలని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. తర్వాత కేంద్రం కర్ణాటక రైతులకు మార్కెట్ జోక్య పథకం కింద సాయం మంజూరు చేసింది. రెండు వైపులా రైతు కష్టం నిజమైనదే. సులభతరం చేసే కోణంలో చూస్తే మాత్రం ఇందులో ఒక సంగతి తేటపడుతుంది. రాయితీ ఎవరికి చెందాలో తేల్చడానికి బండిని ఆపడం ఒక మార్గం. పంటల నమోదు వ్యవస్థ ఈ-క్రాప్‌లో రైతు పేరుతో నమోదైన తోట, ఫ్యాక్టరీ తూకపు చీటీ, రైతు బ్యాంకు ఖాతా మూడింటినీ సరిపోల్చడం మరో మార్గం. రెండో మార్గంలో రాయితీ దారి తప్పదు, బండి ఆగనక్కరలేదు.

దేశపు ఎల్ల దగ్గర జరిగిన మార్పులూ ఇదే బాటలో నడిచాయి. చిత్తూరు జిల్లాలోని గుజ్జు పరిశ్రమ ఒక కంటెయినర్ సరుకును ఐరోపాకు పంపాలంటే, ఒకప్పుడు కేంద్ర ఎక్సైజ్ అధికారి ఫ్యాక్టరీకి వచ్చేదాకా ఆగాలి. ఆయన ఎదుట డ్రములు ఎక్కించి, ఆయన సీలు వేశాకే బండి కదలాలి. అధికారికి వీలు కాని రోజున కూలీలూ, కంటెయినరూ ఖాళీగా ఉండిపోవాలి. 2017లో ఈ పద్ధతి పోయి, అనుమతి పొందిన ఎగుమతిదారు తానే ఎలక్ట్రానిక్ సీలు వేసుకునే ఏర్పాటు వచ్చింది. సీలు సంఖ్య, బండి సంఖ్య ముందే కస్టమ్స్‌కు చేరతాయి. రేవు గేటు దగ్గర రీడరుతో సీలును చదివితే, దారిలో ఎవరైనా తెరిచారో లేదో తెలిసిపోతుంది.

కాగితాల బరువు కూడా తగ్గింది. ఎగుమతికైనా దిగుమతికైనా తప్పనిసరి పత్రాలను 2015లో మూడుకు కుదించారు. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ ఒకటి, ప్యాకింగ్ వివరాలతో కూడిన ఇన్వాయిసు రెండు, ఎగుమతికి షిప్పింగ్ బిల్లు లేదా దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ మూడు. 2016 ఏప్రిల్ 1న ఏక గవాక్ష విధానం మొదలైంది. ఆహార భద్రత, మొక్కల క్వారంటైన్, జంతు క్వారంటైన్, ఔషధ నియంత్రణ, వన్యప్రాణి నేరాల నియంత్రణ, జౌళి కమిటీ అనే ఆరు సంస్థలకు దిగుమతిదారు విడివిడిగా ఇచ్చే తొమ్మిది ఫారాల బదులు ఒకే ప్రకటన చాలన్నారు. 2018 నుంచి ఈ-సంచిత్ వ్యవస్థలో పత్రాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఎక్కించవచ్చు. ఎగుమతి చేసిన సరుకు మీద కట్టిన ఐజీఎస్టీ తిరిగి పొందడానికి షిప్పింగ్ బిల్లునే దరఖాస్తుగా పరిగణిస్తారు. పన్ను ముందు కట్టి తర్వాత తిరిగి తీసుకునే తలనొప్పి వద్దనుకుంటే, ఒక హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండానే పంపవచ్చు. కొద్దిపాటి పెట్టుబడితో నడిచే పరిశ్రమకు ఇది పెద్ద ఊరట.

అన్నిటికన్నా లోతైన మార్పు, ఎవరి సరుకును విప్పి చూడాలన్న నిర్ణయం అధికారి చేతి నుంచి లెక్కల చేతికి మారడం. భారత కస్టమ్స్ 2005లో రిస్క్ మేనేజ్‌మెంట్ పద్ధతి ప్రవేశపెట్టింది. సరుకు రకం, ఎక్కడి నుంచి వచ్చింది, ఆ వ్యాపారి గత చరిత్ర ఏమిటి వంటి వివరాలను బట్టి కంప్యూటర్ కొన్నిటిని తనిఖీకి ఎంపిక చేస్తుంది, మిగిలినవాటిని పోనిస్తుంది. 2011లో స్వీయ మదింపు వచ్చింది. అంటే సుంకం ఎంతో వ్యాపారే లెక్కకట్టి ప్రకటిస్తాడు, తర్వాత ఆడిట్‌లో తప్పు దొరికితే వడ్డీతో, జరిమానాతో కడతాడు. 2020 జూన్ 8న ముఖరహిత మదింపు మొదలైంది. దానికి తొలి వేదికలు బెంగళూరు, చెన్నై, అంటే గుడుపల్లె మీదుగా పోయే రైలు దారికి రెండు కొసలు. ఒక రేవుకు వచ్చిన సరుకు పత్రాన్ని వేరే నగరంలోని అధికారి పరిశీలిస్తాడు. దిగుమతిదారుతో ఆ అధికారికి పరిచయం ఉండదు, అధికారి ఎవరో దిగుమతిదారుకూ తెలియదు. ఆ ఏడాది అక్టోబరు చివరికి ఇది దేశమంతటా విస్తరించింది. ఆ తర్వాత 2021లో చట్టాన్ని సవరించి, సరుకు రావడానికి ముందు రోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలని నిర్దేశించారు.

ఈ మార్పుల వెనుక ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 2013 డిసెంబరులో బాలిలో వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి అంగీకరించాయి. ఆహార నిల్వల రాయితీల మీద శాశ్వత పరిష్కారం దొరికేదాకా ముందుకు సాగబోమని 2014 జూలైలో భారత్ అడ్డం తిరిగింది. ఆ చిక్కు విడిపోయాక అదే ఏడాది నవంబరులో ఒప్పందాన్ని ఆమోదానికి తెరిచారు. భారత్ 2016 ఏప్రిల్ 22న ఆమోదం తెలిపింది. మూడింట రెండు వంతుల సభ్యులు ఆమోదించడంతో 2017 ఫిబ్రవరి 22న అది అమల్లోకి వచ్చింది. నిబంధనలు, రుసుములు ముందే ప్రచురించడం, సరుకు రాకముందే పత్రాలు స్వీకరించడం, ప్రమాదాన్ని బట్టి తనిఖీ చేయడం, సుంకం లెక్క పూర్తిగా తేలకపోయినా పూచీకత్తు మీద సరుకు వదలడం, త్వరగా పాడయ్యే సరుకుకు ప్రాధాన్యం ఇవ్వడం, ఏక గవాక్షం, అధికారి నిర్ణయంపై అప్పీలు హక్కు ఇందులోని ముఖ్యాంశాలు. ఒప్పందం పూర్తిగా అమలైతే వ్యాపార ఖర్చులు సగటున 14.3 శాతం తగ్గుతాయని ప్రపంచ వాణిజ్య సంస్థ 2015 నివేదికలో అంచనా వేసింది.

అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఈ ఒప్పందం ఒక అరుదైన వెసులుబాటు ఇచ్చింది. ప్రతి దేశమూ తన బాధ్యతలను మూడు తరగతులుగా తానే విభజించుకోవచ్చు. వెంటనే చేయగలిగినవి ఎ తరగతి. కొంత గడువు కావలసినవి బి. గడువుతో పాటు డబ్బు, శిక్షణ సాయం కూడా కావలసినవి సి. సంతకం పెట్టిన రోజే అందరూ ఒకే వేగంతో నడవాలని అనలేదు. అమలును చూసుకోవడానికి ప్రతి దేశమూ ఒక జాతీయ కమిటీ వేసుకోవాలి. భారత్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన 2016లో అది ఏర్పడింది. దిగుమతి సరుకు ఓడరేవులో మూడు రోజుల్లో, విమానాశ్రయంలో రెండు రోజుల్లో విడుదల కావాలని 2017 నాటి కార్యాచరణ ప్రణాళిక లక్ష్యాలు పెట్టింది. 2023లో జరిపిన జాతీయ అధ్యయనంలో ఓడరేవుల దిగుమతి విడుదలకు సగటున సుమారు 85 గంటలు పట్టినట్టు తేలింది. ముందే పత్రాలు దాఖలు చేసి, తనిఖీకి ఎంపిక కాని విశ్వసనీయ వ్యాపారుల సరుకు అంతకంటే చాలా త్వరగా బయటపడింది. ఎగుమతిలో మరో సంగతి వెలుగులోకి వచ్చింది. కస్టమ్స్ అనుమతి దొరకడానికి పట్టే సమయం కన్నా, ఆ తర్వాత ఓడ ఎక్కడానికి పట్టే సమయమే ఎక్కువ. అంటే జాప్యమంతా కస్టమ్స్ వాళ్లదే కాదు. రోడ్డు, గేటు, క్రేను, ఓడల వేళలు అన్నీ దానిలో భాగస్వాములే.

ఇతర వర్ధమాన దేశాల్లోనూ సరిహద్దు పద్ధతులు ఇలాగే మారాయి. ఐక్యరాజ్య సమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 1981లో పశ్చిమాఫ్రికా దేశాల కోరిక మీద మొదలుపెట్టిన అసికుడా అనే కస్టమ్స్ కంప్యూటర్ వ్యవస్థ నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకతో సహా ఎన్నో దేశాల్లో పనిచేస్తోంది. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజీ నది మీది చిరుండు దగ్గర 2009లో ఆఫ్రికాలోనే మొదటి ఏక కేంద్ర సరిహద్దు చౌకీ తెరుచుకుంది. రెండు దేశాల అధికారులు ఒకే ఆవరణలో కూర్చుంటారు కాబట్టి లారీ రెండు సార్లు ఆగనక్కరలేదు. సముద్రం లేని నేపాల్ 2016లో కుదిరిన అంగీకారంతో కలకత్తా, హల్దియాలతో పాటు విశాఖపట్నం రేవును కూడా వాడుకునే వీలు పొందింది. కంటెయినర్‌కు వేసిన ఎలక్ట్రానిక్ తాళం దారి పొడవునా జాడ చెబుతూ ఉంటుంది కాబట్టి, భారత భూభాగం మీదుగా పోతున్నా ప్రతి చోటా విప్పి చూసే పని లేదు.

తనిఖీలు తగ్గితే దొంగరవాణా పెరగదా అన్న సందేహం న్యాయమైనదే. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల వారికి ఇది మరీ బాగా తెలుసు. శేషాచలం అడవుల ఎర్రచందనం ఎగుమతిపై నిషేధం ఉన్నా, వేరే సరుకు పేరుతో కంటెయినర్లలో దాచిన దుంగలు చెన్నైతో సహా పలు రేవుల్లో పట్టుబడుతూనే వచ్చాయి. ఫ్యాక్టరీలో వేసిన సీలును దారిలో చెదరగొట్టి సరుకు మార్చేసిన కేసులూ ఉన్నాయి. ఇంతకీ ఆ దుంగలు పట్టుబడినవి అన్ని కంటెయినర్లనూ విప్పి చూసినందువల్ల కాదు. రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్‌కు అందిన సమాచారం, అనుమానాస్పద ఎగుమతిదారుల చరిత్ర, బరువులో తేడా, స్కానర్ బొమ్మ వల్ల. వందకు వంద పెట్టెలను చూడబోయే అధికారికి ఏ ఒక్కదాన్నీ సరిగా చూసే తీరిక ఉండదు. నిజాయితీగల తొంభై అయిదింటిని వదిలేస్తేనే మిగిలిన అయిదింటి మీద దృష్టి నిలుస్తుంది. బంగారం సంగతి వేరు. గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులున్నా దేశపు బంగారం అవసరం చాలావరకు దిగుమతులతోనే తీరుతుంది. అక్కడ దొంగరవాణాకు ఊపునిచ్చేది సుంకం రేటే. 2024 జూలైలో ఆ సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించడం రేటు నిర్ణయం. ఎంత మంచి పద్ధతి పెట్టినా రేటు చేసే పనిని అది చేయలేదు.

చిన్న వ్యాపారి విషయంలో సులభతరం ఇంకా సగంలోనే ఉంది. విశ్వసనీయ ఎగుమతిదారుగా గుర్తింపు ఇచ్చే ఏఈఓ పథకం 2011లో మొదలై, 2016లో మూడు అంచెలుగా విస్తరించింది. ఆ గుర్తింపు ఉన్నవారికి తనిఖీలు తక్కువ, బ్యాంకు గ్యారంటీలు తక్కువ. కానీ దానికి కావలసిన లెక్కల పుస్తకాలు, భద్రతా ఏర్పాట్లు, అనుభవం పెద్ద కంపెనీలకే సులువు. ఏడాదికి నాలుగైదు కంటెయినర్లు పంపే కుప్పం గ్రానైట్ వ్యాపారి గానీ, కొత్తగా గుజ్జు ఎగుమతి మొదలుపెట్టిన రైతు సంఘం గానీ కస్టమ్స్ బ్రోకర్ మీదే ఆధారపడతారు. ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకోవడం, బ్యాంకు కోడ్‌ను రేవులో నమోదు చేయించడం, ఆహార పదార్థమైతే వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడాలో నమోదు, కొన్న దేశం అడిగే పరీక్షల నివేదికలు వారికి నేటికీ నిచ్చెన మెట్లే. పైగా పురుగుమందుల అవశేషాల మీద ఐరోపా పెట్టిన పరిమితులు దాటితే, మన రేవులో ఎంత త్వరగా అనుమతి దొరికినా సరుకు ఆ చివర ఆగిపోతుంది. తోటలోనే సరిచేయవలసిన విషయాన్ని కస్టమ్స్ గేటు దగ్గర సరిచేయలేం.

ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్య నివేదికలో సరిహద్దు వాణిజ్య విభాగంలో భారత్ స్థానం 2018 నివేదికలో 146 ఉండగా, 2020 నివేదికలో 68కి చేరింది. సమాచారంలో అక్రమాలు బయటపడటంతో 2021లో ఆ నివేదికనే ప్రపంచ బ్యాంకు నిలిపివేసింది. ర్యాంకుల కన్నా నమ్మదగిన కొలత గడియారమే. ఫ్యాక్టరీ గేటు దాటిన కంటెయినర్ ఎన్ని గంటలకు ఓడ ఎక్కింది, అందులో ఏ శాఖ దగ్గర ఎంతసేపు ఆగింది అన్నది ఏటా లెక్కకట్టి ప్రకటిస్తే, తర్వాత సరిచేయవలసింది ఎక్కడో దానంతట అదే తెలుస్తుంది. దేశపు ఎల్ల దగ్గర ఈ లెక్క తీయడం అలవాటైంది. రాష్ట్రాల ఎల్లల దగ్గర రవాణా, మార్కెటింగ్, గనుల శాఖల తనిఖీలకు ఇలాంటి కొలత ఇంకా రావలసి ఉంది. సరుకు బయలుదేరే ముందు తీసుకోగలిగిన సమాచారాన్ని ముందే తీసుకోవడం, చేరాక ఆడిట్ చేయగలిగినదాన్ని తర్వాత చేయడం, అనుమానం ఉన్నదాన్ని మాత్రమే దారిలో ఆపడం అన్న మూడు సూత్రాలూ చెన్నై రేవుకు ఎంత వర్తిస్తాయో, గుడుపల్లె దాటాక వచ్చే కర్ణాటక ఎల్లకూ అంతే వర్తిస్తాయి.